మండపం మీద రంగు లైట్లా, పసుపు వెలుగా?

పెళ్ళికూతురి అన్న:
శ్రావణంలో చెల్లి పెళ్ళి. బెజవాడలోనే, యనమలకుదురు వైపు, బందరు కాలువకి దగ్గర్లో ఒక లాన్ మాట్లాడాం. ముహూర్తం రాత్రి 2.24కి. డెకరేషన్ అతను మండపం చుట్టూ 24 పార్ లైట్లు (రంగులు మార్చే స్టేజీ లైట్లు) పెట్టి నీలం, ఊదా కొడతానంటున్నాడు. నాన్నేమో "అమ్మాయి మొహం కనపడాలిరా, ఇదేమన్నా డ్యాన్స్ ప్రోగ్రామా" అని అప్పుడే అలిగాడు. చెల్లికి రంగులే కావాలి. మధ్యలో నేను నలుగుతున్నా. ఏది పెట్టించమంటారు?

కెమెరా పట్టేవాణ్ణి:
నేను మీ నాన్నగారి పక్షం. ఎర్ర పట్టుచీర మీద నీలం ఒక్కటే పడితే చీర నల్లగా కనిపిస్తుంది. పడే వెలుగులో ఎరుపు లేకపోతే చీరలో ఎరుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? మొన్న వైశాఖంలో గుంటూరు అమరావతి రోడ్డులో ఒక పెళ్ళి తీశా. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి లైటింగ్ కుర్రాడు నీలం వదిలాడు. పెళ్ళికూతురి కాళ్ళ పసుపు బూడిద రంగుకి తిరిగింది, బొట్టు నల్ల చుక్కయింది. ఎంత దిద్దినా కుదరక ఆల్బంలో ఆ పేజీ నలుపు తెలుపులో వేసిచ్చా. "భలే ఆర్ట్‌గా ఉందండీ" అన్నారు. నోరు మూసుకున్నా.

ఇంకో మాట. "కావాలంటే ఆ పార్లనే తెలుపు చేస్తా" అంటాడు, వినకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపిన తెలుపు కంటికి తెలుపే గానీ దాని కింద మొహాలు పాలిపోతాయి. విడిగా రెండు వామ్ వైట్, అంటే పసుపు ఛాయ తెలుపు, ఎల్‌ఈడీలు అడగండి. వెలుగు రంగు కొలత 3200 కెల్విన్ దగ్గర, రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ వందకి 90 పైన ఉండాలి. చెరో పక్క నుంచి, మనిషి ఎత్తుకి పైన, ఏటవాలుగా పెట్టించండి. నడినెత్తి మీద పెడితే బాసికం నీడ కళ్ళ మీద పడుతుంది. మన కరెంటు 50 సైకిళ్ళది కాబట్టి నాసి లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు, వీడియోలో చారలు పాకుతాయి. ముందురోజే ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూసుకోండి.

సీరియల్ సెట్టు:
ఎప్పుడూ తప్పంతా మా లైటింగ్ వాళ్ళ మీదకే అన్నా. పసుపు ఒక్కటే పెడితే "ఏంటయ్యా, కరెంటు తక్కువైందా" అనేదీ మీ చుట్టాలే. అంత లాన్‌లో వెనక చెట్లకి, తెరలకి రంగు లేకపోతే రాత్రి రెండింటికి చీకటి గుయ్యారం. ముహూర్తం దాకా జనం కూర్చోవాలంటే కాస్త హుషారుండాలి కదా. వెయ్యి వాట్ల హాలోజన్ల కాలం మర్చిపోయారా? పెళ్ళికొడుక్కి చెమటలు పట్టి బొట్టు కారిపోయేది. ఇప్పుడు ఒక్కో పారుకి 150 వాట్లు వేసుకున్నా 24కి కలిపి 3.6 కిలోవాట్లే. నాలుగు హాలోజన్లు అంతకన్నా ఎక్కువ తాగేవి.

కెమెరా పట్టేవాణ్ణి:
చెట్లకి కొట్టు తమ్ముడూ, ఎవరొద్దన్నారు? మనుషుల మీద కొట్టొద్దంటున్నా.

సీరియల్ సెట్టు:
చెట్టుకి కొట్టింది కొంచెం మండపం మీదా పడుద్దన్నా. అదేమన్నా కుళాయా, తిప్పి కట్టెయ్యడానికి?

గుంటూరు పెద్దమ్మ:
మీ గోలంతా మండపం దగ్గరే. భోజనాల సంగతి చూశారా ఎవరన్నా? మా మరిది కూతురి రిసెప్షన్‌లో కూరల మీద ఆకుపచ్చ లైటు పెట్టారు. గోంగూరేదో గుత్తి వంకాయేదో తెలీక రెండూ వేయించుకున్నా. పెరుగన్నం సంగతి ఇక చెప్పను, తినబుద్ధి కాలేదు.

ఇంకోటి బాబూ, నువ్వు చెప్పింది శ్రావణం, కాలువ పక్క. తెల్ల లైటుకి పురుగులు ముసిరినంతగా పసుపుకి ముసరవు. లాన్ ఆ చివర, జనానికి దూరంగా, ఒక్క తెల్ల లైటు గుంజకి కట్టించు. చాలావరకు అటే పోతాయి. లేకపోతే తలంబ్రాల పళ్ళెంలో బియ్యం ఏవో పురుగులేవో ఏరుకోవాలి.

పెళ్ళికూతురి అన్న:
పెద్దమ్మా, పురుగుల సంగతి అసలు తట్టనే లేదు, ఇప్పుడే లాన్ వాళ్ళకి ఫోన్ చేస్తా. ఇదంతా చెల్లి చేత చదివించా. బూడిద రంగు పసుపు అనేసరికి జడిసింది, పెళ్ళి దాకా పసుపు వెలుగే అని ఒప్పుకుంది. కాకపోతే తలంబ్రాలయ్యాక ఒక్క పది నిమిషాలు ఊదా కావాలంట. నాన్నకింకా చెప్పలేదు.

సీరియల్ సెట్టు:
ఆ పది నిమిషాలకీ 24 పార్ల బాడుగా పడుద్ది అన్నా.