బతికి ఉన్నాడా, బతికే ఉన్నాడా?

వరంగల్ నుంచి:
చిన్నప్పుడు లైబ్రరీలో, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో చదివిన వాక్యం వారం రోజులుగా బుర్రలో తిరుగుతోంది. 1826 జూలై 4న అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పోతూ పోతూ, తన తర్వాత అధ్యక్షుడైన జెఫర్సన్ గురించి అన్న చివరి మాట. ఇంగ్లిష్‌లో "Thomas Jefferson survives." "థామస్ జెఫర్సన్ బతికి ఉన్నాడు" అని ఉందా, "బతికే ఉన్నాడు" అని ఉందా? ఆ "కి", "కే" దగ్గర ఆగిపోతున్నాను. ఎవరికైనా గుర్తుందా?

తెనాలి నుంచి:
"బతికే" అయి ఉండాలండీ. "బతికి ఉన్నాడు" అనేది డాక్టరు నాడి చూసి చెప్పే మాట. "బతికే ఉన్నాడు" అంటే, పోయాడేమో అని లోలోపల గుబులు పడినవాడు తనకు తాను చెప్పుకునే ధైర్యం. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కాస్త ముందే జెఫర్సన్ వర్జీనియాలోని తన ఇల్లు మాంటిచెల్లోలో కన్నుమూశాడు. ఆ కబురు ఆడమ్స్ ఊరు క్విన్సీ చేరాలంటే రోజులు పట్టే కాలం. ఆడమ్స్ సాయంత్రం పోయాడు. జెఫర్సన్ రాసిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజు. ఈ సంగతి తెలిసి చదివితే ఆ ఏకారం గుండెల్లో గుచ్చుకుంటుంది.

నెల్లూరు నుంచి:
మాస్టారూ, ఏకారం కావాలి, ఒప్పుకుంటాను. కానీ దాని చోటు అది కాదు. "జెఫర్సనే బతికి ఉన్నాడు." ఇప్పుడు చూడండి, అర్థం ఎలా తిరగబడిందో! నేను పోతున్నాను, అతను మాత్రం ఉన్నాడు అని. స్వాతంత్ర్య ప్రకటన అంతా ఒక నాటకం, అందులో పేరంతా జెఫర్సన్ కొట్టేశాడు అని 1811లో మిత్రుడు బెంజమిన్ రష్‌కు రాసిన మనిషి ఆడమ్స్. 1800 ఎన్నికలో అతని చేతిలో ఓడిపోయాక, 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణస్వీకారానికి కూడా ఉండకుండా తెల్లవారకముందే ఊరు విడిచిపోయాడు. అంత బాధ చివరి ఊపిరిలోనైనా బయటపడదా?

బోస్టన్ నుంచి:
అన్నయ్యా, 1801 దగ్గరే ఆగిపోతే ఎలా? 1812 జనవరి 1న మళ్ళీ మొదట ఉత్తరం రాసింది ఆడమ్సే. మన గ్రూపుకు నచ్చే ముచ్చట కూడా అందులో ఉంది. "మా వైపు ఇంట్లో నేసిన గుడ్డ రెండు ముక్కలు పంపుతున్నాను" అని రాశాడు. జెఫర్సన్ అది నిజంగా బట్టే అనుకుని, వర్జీనియాలో ఇంటింటా నూలు వడికే సంగతులు రాసి పంపాడు. తర్వాత పార్సిల్ వచ్చింది. విప్పితే అవి ఆడమ్స్ కొడుకు ఉపన్యాసాల రెండు సంపుటాలు! అక్కడి నుంచి పద్నాలుగేళ్లు ఉత్తరాలు నడిచాయి. "మనిద్దరం ఒకరికొకరు విడమరిచి చెప్పుకోకుండా చచ్చిపోకూడదు" అని 1813లో ఆడమ్సే రాశాడు. అలాంటివాడు అసూయతో పోతాడంటే నేను నమ్మను.

నేనుండేది క్విన్సీకి దగ్గరలోనే. ఆ ఊరి చర్చి కింద నేలమాళిగలో ఆడమ్స్, భార్య అబిగెయిల్, పక్కనే కొడుకు, కోడలు. నాలుగు రాతి పెట్టెలు. అక్కడ నిలబడినప్పుడు నాకు తట్టింది వేరు: అసలు ఆ చివరి మాట సరిగా వినపడనే లేదు. కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్ అప్పుడు దేశాధ్యక్షుడు. వాషింగ్టన్ నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. దగ్గరున్నవాళ్ళు చెప్పింది డైరీలో రాసుకున్నాడు: పేరు పలికాడు, ఆ తర్వాతి మాట అస్పష్టంగా, సగంలో ఆగినట్టు వచ్చింది అని.

విశాఖ నుంచి:
అయితే అక్కడ "బతుకు" అన్న మాటే వద్దు. "జెఫర్సన్ కలడు" అనండి. పోతన గజేంద్రుడు తలపుకు రావడం లేదా? "కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో." మునిగిపోతున్నవాడి నోట వచ్చిన మాట అది. ఉన్నాడన్న నమ్మకం, లేడేమోనన్న భయం, రెండూ ఆ ఒక్క పాదంలోనే. ఆడమ్స్ నోట సగంలో ఆగిన ఆ మాటకు ఇంతకన్నా తగిన తెలుగు లేదు.

తెనాలి నుంచి:
ఆహా! అరసున్నతో సహా రాశారు, సంతోషం. కానీ ఒక్క విషయం. గజేంద్రుడు "కలఁడందురు" అని మూడుసార్లు ఇతరుల మాటగా చెప్పి, చివర్లో తన సందేహం బయటపెడతాడు. అది విన్నమాట మీద అనుమానం. ఆడమ్స్‌కు అనుమానం లేదు. పైగా "కలడు" పద్యంలో పలికినంత సహజంగా మంచంపట్టిన ముసలాయన నోట పలకదు. తొంభై ఏళ్ల మనిషండీ!

హైదరాబాద్ నుంచి:
ఇరవై ఏళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. మరణవార్త రాసేటప్పుడు చివర్లో ఏం రాస్తాం? "ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు." ఇంగ్లిష్ పేపర్లు ఆడమ్స్ వాడిన "survive" క్రియనే అక్కడ వాడతాయి, మనం "ఉన్నారు"తో సరిపెడతాం. కాబట్టి "జెఫర్సన్ ఉన్నాడు" చాలు. బతుకూ వద్దు, ఏకారమూ వద్దు. పైగా ఆడమ్స్ ఏడేళ్లు పెద్ద, "ఉన్నాడు"లో ఆ చనువు దానంతట అదే వచ్చేస్తుంది.

నెల్లూరు నుంచి:
"ఉన్నాడు" అని వదిలేస్తే పక్కగదిలో ఉన్నాడేమో అనిపిస్తుంది సార్.

వరంగల్ నుంచి:
అందరికీ నమస్కారం. నేను చదివిన పుస్తకంలో ఏముందో ఇప్పటికీ తేలలేదు కానీ, ఇంకొకటి గుర్తొచ్చింది. అదే పేజీలో జెఫర్సన్ చివరి రోజులు కూడా ఉండేవి. 3వ తారీఖు రాత్రి మెలకువ వచ్చి తేదీ అడుగుతాడు. మర్నాడు ఉదయం పదింటికి మాట లేదు, మనవడి వైపు అలా చూస్తూనే ఉంటాడు. ఏం కావాలో మనవడికి అర్థం కాదు. ఆ ఇంట్లో బానిసగా బతికిన బర్వెల్ కోల్బర్ట్‌కు అర్థమవుతుంది, తల కాస్త ఎత్తుగా పెడతాడు. అంతే, నెమ్మదిస్తాడు. రాత్రి అడిగిన ఆ ప్రశ్న "ఇవాళ నాలుగా?" అని ఉండేదా, "ఇవాళ నాలుగేనా?" అని ఉండేదా?

తెనాలి నుంచి:
"నాలుగేనా" అండీ. అనుమానమే లేదు.