ఆకు మీద అయోడిన్ వేసినా నీలి నలుపు రావడం లేదు, ఎందుకు?

ప్రశ్న: ఏడో తరగతి పోషణ పాఠం రివిజన్‌కి మందార ఆకుతో పిండిపదార్థ పరీక్ష చేస్తున్నాం. ఆకు పచ్చగానే ఉంటోంది, అయోడిన్ వేస్తే గోధుమ రంగే. ఏం చూసుకోవాలండీ?

జవాబు 1: పత్రహరితం పోలేదన్నమాట. ముందు ఆకును మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచండి. కణాలు మెత్తబడితేనే ఆల్కహాల్, అయోడిన్ లోపలికి దిగుతాయి. తర్వాత పొయ్యి పూర్తిగా ఆర్పి, ఇథనాల్ పోసిన పరీక్షనాళికలో ఆకు వేసి వేడినీళ్ల బీకరులో నిలబెట్టండి. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. నేరుగా మంట మీద పెట్టనే వద్దు. పాలిపోయిన ఆకు పెళుసుగా ఉంటుంది. వేడినీళ్లలో ముంచి, తెల్ల పళ్లెంలో పరిచి అప్పుడు అయోడిన్ వేయండి.

జవాబు 2: ఆకు ఎప్పుడు కోశారో కూడా చూడండి. రాత్రి మొక్క నిల్వ పిండిని చక్కెరగా మార్చి వాడేసుకుంటుంది, తెల్లవారేసరికి ఆకులో తక్కువే మిగులుతుంది. ఎండ బాగా తగిలాక మధ్యాహ్నం కోయండి. వెలుతురు అవసరమని చూపే ప్రయోగానికైతే కుండీని 2 రోజులు చీకట్లో ఉంచాకే ఆకు మీద కొంత భాగానికి నల్ల కాగితం పెట్టాలి.

జవాబు 3: ఎర్ర తోటకూర గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అందులోనూ పత్రహరితం ఉంది. మరిగే నీళ్లలో ఎరుపు కరిగిపోయి పచ్చదనం కనిపిస్తుంది, చూపించండి.