రాగి సిలిండర్ ఉన్న ఇల్లు, తగ్గని గ్యాస్ బిల్లు: ఏం చేయొచ్చు?

అడిగినవారు, రెడింగ్ (ఇంగ్లండ్):
అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో పాత ఇల్లు కొన్నాం. వంటింట్లో బాయిలర్, పైన మెట్ల పక్క అల్మరాలో వేడినీళ్ల రాగి సిలిండర్. చుట్టూ ఎర్ర జాకెట్ ఉంది గానీ ఒక పక్క చిరిగి రాగి బయటికి కనపడుతోంది. ప్రోగ్రామర్‌లో (బాయిలర్ టైమర్) వేడినీళ్లు 24 గంటలూ ఆన్. మేం నలుగురం, బాత్రూములు రెండు. సర్వీసుకొచ్చినాయన ఇదంతా పీకేసి కాంబీ (సిలిండర్ లేకుండా, కుళాయి తిప్పినప్పుడే నీళ్లు కాచే బాయిలర్) పెట్టించుకోమన్నాడు. అంత డబ్బు ఇప్పుడు లేదు. ఉన్నదాంతోనే బిల్లు తగ్గే దారుందా? ఒక్క లాభం మాత్రం ఉంది, ఆ అల్మరాలో పెడితే దోసెల పిండి జనవరిలో కూడా పొంగిపోతుంది.

జవాబు, క్రాయిడన్:
పిండి పొంగుతోందంటే మీ గ్యాసు డబ్బు అల్మరాను కాస్తోందన్నమాట. ముందు కొత్త జాకెట్ కొనండి, 80 మిల్లీమీటర్ల మందం ఉండాలి. ముక్కల మధ్య సందు లేకుండా కట్టండి. థర్మోస్టాట్ మీద, ఇమ్మర్షన్ (సిలిండర్ లోపలుండే కరెంటు హీటర్) మూత మీద మాత్రం కప్పకండి. తర్వాత పైపులు. బాయిలర్ నుంచి సిలిండర్‌కి వచ్చే రెండూ, సిలిండర్ నెత్తిన బయటికొచ్చే పైపూ చేత్తో తాకితే చురుక్కుమంటాయి. వాటికి నురుగు తొడుగులు వేయండి.

కింది నుంచి సుమారు మూడో వంతు ఎత్తులో సిలిండర్‌కి పట్టీతో కట్టిన చిన్న పెట్టె ఉంటుంది, అదే థర్మోస్టాట్. ఎంత మీద ఉందో చూసి చెప్పండి.

అడిగినవారు:
75 మీద ఉందండీ! పక్కనే గోడకి ఎర్ర లైటున్న స్విచ్ ఒకటి వెలుగుతోంది. మేం వచ్చినప్పటి నుంచీ అంతే, భయమేసి ముట్టుకోలేదు.

జవాబు, క్రాయిడన్:
75 అంటే పిల్లల చేతులు కాలతాయి. 60కి దించండి. అంతకంటే తగ్గించకండి, గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లీజియోనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఆ ఎర్ర లైటు ఇమ్మర్షన్ హీటర్‌ది, మామూలుగా 3 కిలోవాట్లు. దాన్ని ఈ రాత్రే ఆపేయండి, మిగతావన్నీ తర్వాత. ఎందుకంటే ఇప్పుడు బాయిలర్ నీళ్లని 75 దగ్గర ఉంచుతోంది కాబట్టి ఇమ్మర్షన్‌కి పెద్దగా పని పడట్లేదు. మీరు ప్రోగ్రామర్ టైం తగ్గించారనుకోండి, బాయిలర్ ఆగగానే అది అందుకుంటుంది. 150 లీటర్లని 10 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే దాదాపు 9 యూనిట్లు కావాలి. ఇక్కడ కరెంటు యూనిట్ గ్యాసు యూనిట్‌కి సుమారు నాలుగు రెట్లు. పొదుపు చేద్దామని బయల్దేరి బిల్లు పెంచుకున్నవాళ్లని చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

స్విచ్ ఆపాక టైం మార్చండి. స్నానాలకు ముందు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. చాలకపోతే పావుగంట పెంచుకోండి.

జవాబు, లీడ్స్:
ఒక హెచ్చరిక అన్నా. బాయిలర్ మీద ఫ్లో టెంపరేచర్ (బాయిలర్ నుంచి బయటికెళ్లే నీళ్ల వేడి) 55కి తగ్గించమని వీడియోల్లో చెప్తుంటారు. అది కాంబీ వాళ్లకి. సిలిండర్ ఉన్నవాళ్లు 55 పెడితే నీళ్లు ఎప్పటికీ 60కి రావు, టైమున్నంతసేపూ బాయిలర్ తంటాలు పడుతూనే ఉంటుంది. 65 నుంచి 70 మధ్య పెట్టండి. మీది కండెన్సింగ్ రకమేనా, అంటే పొగలోని ఆవిరి వేడిని కూడా వాడుకునేదేనా? బాయిలర్ అడుగు నుంచి డ్రెయిన్‌కి సన్న ప్లాస్టిక్ గొట్టం పోతుంటే అదే. తిరిగొచ్చే నీళ్లు 55 కంటే చల్లగా ఉంటేనే దానికి అసలు లాభం.

కాంబీ సంగతి: రెండు షవర్లూ ఒకేసారి తిప్పే ఇల్లయితే ధార పలచబడుతుంది. తొందరపడొద్దు. బాయిలర్ మూత తెరిచే పని ఏదైనా గ్యాస్ సేఫ్ (గ్యాసు పనివాళ్ల అధికారిక జాబితా) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లతోనే.

అడిగినవారు, మూడు వారాల తర్వాత:
స్విచ్ ఆపాను, జాకెట్ కట్టాను, 60, పొద్దున గంట, సాయంత్రం గంటన్నర. రాత్రి కాగిన నీళ్లు తెల్లారి కూడా గిన్నెలు కడగడానికి సరిపోతున్నాయి. ప్రతి ఆదివారం మీటర్ రాసుకుంటున్నా, గ్యాసూ కరెంటూ రెండూ దిగాయి. చలి కూడా తగ్గింది కాబట్టి మొత్తం గొప్ప జాకెట్‌కే ఇవ్వను. కానీ అల్మరా చల్లబడిపోయింది. నిన్న పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది, ఇంట్లో నా మీద కోపంగా ఉన్నారు.

జవాబు, లీడ్స్:
ఒవెన్‌లో పెట్టి లోపలి లైటు ఒక్కటే వేయండి. ఒవెన్ ఆన్ చేయకండి, మా ఇంట్లో ఒకసారి గిన్నెడు పిండి కేక్ అయింది.