అప్‌డేట్: థర్మో తప్పిన మా తమ్ముడు గట్టెక్కాడు

జనవరిలో అడిగాను, గుర్తుందో లేదో. కాలిఫోర్నియాలో రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, యూనివర్సిటీలో మెకానికల్ మూడో ఏడాదిలో చేరిన మా తమ్ముడు మొదటి క్వార్టర్‌లోనే థర్మోడైనమిక్స్ తప్పి, మానేస్తానంటున్నాడు, ఏం చెయ్యాలి అని.

అసలు దెబ్బ స్పీడు దగ్గర పడిందండీ. పదహారు, పదిహేడు వారాల సెమిస్టర్‌కి అలవాటైనవాడికి ఇక్కడ పది వారాల క్వార్టర్‌లోనే కోర్సు అయిపోతుంది, ఊపిరి తీసుకునేలోపు మిడ్‌టర్మ్. మీలో ఒకరు చెప్పినట్టు ట్రాన్స్‌ఫర్ సెంటర్‌కి (వేరే కాలేజీ నుంచి వచ్చి చేరినవాళ్లకి సాయం చేసే ఆఫీసు) వెళ్లమంటే సిగ్గుపడి రెండు వారాలు సాగదీశాడు (మా ఇంట్లో అందరిదీ అదే జబ్బు). అక్కడి అడ్వైజర్ నాలుగు కోర్సుల్ని మూడు చేయించారు, కానీ 12 యూనిట్లకి (క్రెడిట్లకి) తగ్గకుండా చూసుకోమన్నారు, లేకపోతే ఫుల్‌టైమ్ కింద లెక్కకి రాక ఫైనాన్షియల్ ఎయిడ్‌కి ఎసరు. ఇంకోటి, పాత కాలేజీలో చేసిన ప్రోగ్రామింగ్ క్లాసు ఇక్కడి మ్యాట్‌ల్యాబ్ కోర్సుకి సరిపోదట. కమ్యూనిటీ కాలేజీలో చేసిన ఏ కోర్సు యూనివర్సిటీలో దేనికి సరిపోతుందో చూపించే అసిస్ట్ వెబ్‌సైట్‌లో, చేరకముందే చూసుకోవాల్సింది, మా తప్పే.

తనలాగే ట్రాన్స్‌ఫర్ అయి వచ్చిన నలుగురితో కలిసి చదివి, థర్మో మళ్లీ చేశాడు. బి వచ్చింది! డిగ్రీ మాత్రం ఒక క్వార్టర్ లేటు, నాన్నకి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.