రోజ్ ఔస్‌లెండర్ కవిత: ‘నిప్పులో పూడ్చారు’ను దహనం అనొచ్చా?

ప్రశ్న:
రోజ్ ఔస్‌లెండర్ జర్మన్‌లో రాసిన ‘ముట్టర్‌లాండ్’ కవితను తెలుగు చేస్తున్నాను. 1978లో అదే పేరున్న సంపుటిలో వచ్చింది. ఆరంటే ఆరు పంక్తులు. నా తండ్రిదేశం చచ్చిపోయింది, దాన్ని వాళ్ళు నిప్పులో పూడ్చారు, నేను నా తల్లిదేశంలో బతుకుతున్నాను, ఆ తల్లిదేశం ‘మాట’ అని భావం. ప్రస్తుతానికి ‘దహనం చేశారు’, ‘మాతృభూమి’ అని పెట్టాను. నిప్పులో పూడ్చడమంటే తెలుగులో ఎబ్బెట్టుగా ఉంది. ఏమంటారు?

జవాబు:
దహనం మాత్రం వద్దండీ. ఆ మాట చెవిన పడగానే మనకు చితి, తలకొరివి, అస్థికలు కళ్ళముందుకొస్తాయి. పోయినవాళ్ళకు చెయ్యవలసింది చేసి పంపామన్న ఊరట ఉంటుంది అందులో. ఆవిడ యూదు. వాళ్ళ ఆచారంలో శవాన్ని మట్టికి అప్పగించడమే ధర్మం, కాల్చడం నిషిద్ధం. నాజీలు లక్షలమందిని చంపి, సమాధన్నది లేకుండా బూడిద చేశారు. ఆ పంక్తి వెనక ఉన్నది ఆ నిప్పు. పూడ్చడం పక్కన నిప్పు పెడితే జర్మన్‌లోనూ ఎబ్బెట్టే, కావాలనే అలా పెట్టింది. మనం దాన్ని సాఫుచేసి దహనం అన్నామంటే, చంపినవాళ్ళకు అంత్యక్రియలు జరిపిన పుణ్యం కట్టబెట్టినట్టే. ‘నిప్పులో పాతిపెట్టారు’ అనండి. పాఠకుడు తడబడితే తడబడనివ్వండి.

మరో జవాబు:
నా పేచీ మాతృభూమితో. జర్మన్‌లో స్వదేశానికి వాడుకమాట ఫాటర్‌లాండ్, తండ్రి పేరు మీద. జెండాలకూ యుద్ధాలకూ అదే పనికొచ్చింది. దానికి ఎదురుగా మాతృభాషలోని తల్లిని తెచ్చి నిలబెట్టింది ఈవిడ. మనకేమో దేశభక్తి గీతాలన్నీ మాతృభూమి మీదే. అంటే ఆవిడ కాదనుకున్న మాటకే తెలుగులో సరిసమానం మాతృభూమి! పోనీ మొదటి పంక్తిలో పితృభూమి అందామా అంటే, పితృకార్యాలూ పితృదేవతలూ గుర్తొస్తారు. నిఘంటువులో పితృవనమంటే ఏకంగా శ్మశానం. ఒకరకంగా ఆ పంక్తికి అది అతికినట్టే ఉంది గానీ, ఆ సంస్కృతపు బరువు ఈ చిన్న కవిత మొయ్యదు.

‘పుట్టిల్లు’ అంటే ఎలా ఉంటుంది?

ప్రశ్న వేసినవారు:
పుట్టిల్లంటే పండగలకి వెళ్ళొచ్చే ఇల్లు కదండీ. మరీ ముద్దుగా లేదూ?

జవాబు:
ఆవిడ జీవితం చూశాక అలా అనిపించదు. 1901లో చెర్నోవిట్స్‌లో పుట్టింది. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యం, తర్వాత రుమేనియా, ఇప్పుడు ఉక్రెయిన్. ఏ దేశమని చెప్పుకుంటుంది? ఇరవయ్యేళ్ళకే అమెరికా వెళ్ళింది, అక్కడి పౌరసత్వమూ వచ్చింది. 1931లో తల్లి జబ్బుపడితే చూసుకోవడానికి వెనక్కొచ్చింది. ఆ రాకతోనే చిక్కుకుపోయింది. పౌరసత్వం పోయింది. 1941 అక్టోబరులో ఊళ్ళోని యూదులను ఒక పేటలోకి తోసి గెట్టో చేశారు. అక్కణ్ణుంచి వేలమందిని ట్రాన్స్‌నిస్ట్రియాకు, అంటే అప్పట్లో రుమేనియా ఆక్రమణలో ఉన్న ప్రాంతానికి, తోలారు. తల్లీకూతుళ్ళు నేలమాళిగల్లో దాక్కుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చీకట్లోనూ కవితలు రాసింది.

1946లో న్యూయార్క్ చేరింది. మరుసటేడు రుమేనియాలో తల్లి పోయింది. ఆ తర్వాత ఏళ్ళతరబడి జర్మన్‌లో కవిత రాయలేకపోయింది. 1956 దాకా ఇంగ్లీషులోనే. తల్లి నేర్పిన భాషే హంతకుల భాష కూడా అయితే నోరెలా పెగులుతుంది? మళ్ళీ జర్మన్‌కు తిరిగొచ్చాక, 1965లో జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో స్థిరపడింది. చివరి ఏళ్ళు అక్కడి యూదు వృద్ధాశ్రమంలో మంచం మీదే గడిపి 1988లో పోయింది. సంపుటాల మీద సంపుటాలు వచ్చింది ఆ గదిలోంచే.

అమ్మ పోయాక ఇంక పుట్టిల్లేమిటి అంటారు మన ఆడవాళ్ళు. ఆవిడకు ఊరు లేదు, దేశం లేదు, అమ్మ లేదు. మిగిలింది అమ్మ మాట. దీంట్లో ముద్దేముంది?

ఇంకొకరు:
పుట్టిల్లు బాగుంది గానీ దేశం అన్న ధ్వని పోతోంది. మొదటి పంక్తిలో ‘నాన్నల దేశం’, ఇక్కడ ‘అమ్మ దేశం’ అనండి. తేలికమాటలు, జంట చెడదు. నా ఓటు దానికే. ఇంకొకటి, కవితలో ఆఖరి మాట ‘మాట’. తెలుగు వాక్యాన్ని మామూలుగా రాస్తే ‘బతుకుతున్నాను’ చివరికొచ్చి కూర్చుంటుంది. క్రియను ముందుకు జరపండి:

బతికే ఉన్నాను
నా అమ్మ దేశంలో
మాటలో

ప్రశ్న వేసినవారు:
‘మాటలో’ అన్నప్పుడు ఆ విభక్తి తోకలా వేలాడుతోంది. ‘నా అమ్మ దేశం మాటలో’ అని కలిపేస్తే ఆ దేశపు భాషలో అని అర్థం మారిపోతుంది. ‘అమ్మ దేశంలో’ తర్వాత గీత పెట్టి, ‘మాట’ను ఒంటరిగా వదిలేస్తున్నాను. పాతిపెట్టడం ఖాయం. పుట్టిల్లా, అమ్మ దేశమా అన్నది రెండూ పైకి చదివి చూసుకుని చెప్తాను.