కృప కింద ఉన్నవారికి దశమభాగం తప్పనిసరా?

అందరికీ వందనాలు. మాది పలాస. అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది, వేళ్లన్నీ జీడి సొన అంటి నల్లబడ్డాయి. కూలి చేతికి రాగానే చర్చికిచ్చే దశమభాగమని పదోవంతు కవరులో పెట్టి బైబిల్లో దాచేస్తుంది. బియ్యం ఆ తర్వాతే. ఇవ్వకపోతే శాపమని పాస్టరుగారు మలాకీ 3 చూపిస్తారు. దశమభాగం ఇమ్మన్న మోషే ధర్మశాస్త్రంలోనే, ద్వితీయోపదేశకాండం 14లో, మూడో ఏటి దశమభాగం లేవీయులతో (దేవుని మందిర సేవ చేసే గోత్రంవారు) పాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందాలని ఉంది. అమ్మ విధవరాలే! ఆ వచనం మీద మాత్రం ప్రసంగం ఎన్నడూ వినలేదు.

అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందే దశమభాగం ఇచ్చాడంటారు. సరే, అది యుద్ధంలో దొరికిన సొమ్ములోంచి కదా. క్రీస్తు మనల్ని ధర్మశాస్త్ర శాపం నుంచి విమోచించాడనే గలతీ 3:13 చదివాక కూడా విశ్వాసి శాపానికి భయపడి ఇవ్వాలా? బలవంతంగా కాక, మనసులో నిశ్చయించుకున్న ప్రకారం సంతోషంగా ఇవ్వాలనే 2 కొరింథీ 9:7 మాటేమిటి? అమ్మ నొచ్చుకోకుండా ఈ సంగతి ఎలా ఎత్తాలో తెలిసినవారు చెప్పండి. ఇవ్వడం మానిపించాలని కాదు.