మూతపడ్డ చక్కెర మిల్లు స్థలం: రొయ్యల కంపెనీకి అమ్మాలా, ఊరే వాడుకోవాలా?

మెరకచేను:
మాది పాలకొల్లు పక్క ఊరు. మా సహకార చక్కెర మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. 30 ఎకరాల పైచిలుకు స్థలం లిక్విడేటర్ (మూతపడ్డ సంస్థ ఆస్తులు, అప్పులు తేల్చే అధికారి) చేతిలో ఉంది. రొయ్యల ఎగుమతి కంపెనీ ఒకటి మొత్తం కొంటానంటోంది. ఊరు రెండు పార్టీలైపోయింది. నా మాట ముందే చెప్తున్నా: అమ్మకూడదు, ముక్కలుగా లీజుకివ్వాలి. తిట్టేవాళ్ళు కారణం కూడా చెప్పి తిట్టండి.

పాత పాన్‌మ్యాన్:
లీజులూ గీజులూ ఎందుకు బాబూ, మిల్లే మళ్ళీ తిప్పితే పోలా? సీజన్లో చెరకు బళ్ళు కాలవ గట్టు పొడుగునా బారులు తీరేవి. టీ కొట్లు, సైకిల్ షాపులు, కిళ్ళీ బడ్డీలు అన్నీ దాని మీదే బతికాయి.

మెరకచేను:
చెరకేదండీ బాబాయ్ గారూ? రోజుకు 1250 టన్నులు ఆడే మిల్లు 120 రోజులు నడవాలంటే లక్షన్నర టన్నులు కావాలి. ఎకరాకు 30 టన్నులు వేసుకున్నా 5,000 ఎకరాల తోట. అదీ దగ్గర్లోనే ఉండాలి, నరికిన చెరకు ఎండలో పడుంటే పంచదార పడిపోతుంది. ఆ చేలల్లో సగం ఇప్పుడు రొయ్యల చెరువులే. పైగా 14 రోజుల్లో రైతుకు డబ్బివ్వాలని 1966 నాటి కంట్రోల్ ఆర్డర్లోనే ఉంది. మనవాళ్ళు దానికోసం ఎన్నాళ్ళు తిరిగారో మీకు తెలియంది కాదు.

పాత పాన్‌మ్యాన్:
లెక్క కాదనను. కానీ మా మిల్లు కార్మికుల బకాయి జీతాలు ఇంకా రాలేదు. అమ్మితేనే వస్తాయంటున్నారు.

భీమవరం కుర్రోడు:
నేననేదీ అదే. అమ్మితే అప్పులు తీరతాయి, ప్లాంటు వస్తుంది. వనామీ రొయ్య మన చుట్టూనే పండుతోంది, ప్రాసెసింగ్ కూడా ఇక్కడే జరిగితే తప్పేంటి? తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కుకు అడ్డం పడ్డట్టు ప్రతిదానికీ పడితే మన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

లంక కోడలు:
తుందుర్రు వాళ్ళు ఊరికే రోడ్డెక్కలేదు అన్నయ్యా. గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని భయపడి ఎక్కారు. నేను రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేశాను. ఐసు నీళ్ళలో చేతులు, రోజంతా నిలబడటం, కాంట్రాక్టర్ చెప్పిందే లెక్క. అయినా వారం వారం డబ్బు చేతికొచ్చేది. కోతలకు మిషన్లొచ్చాక ఆడవాళ్ళకు వేరే పనెక్కడుంది? ప్లాంటు వద్దనేవాళ్ళు మాకు ఏ పని చూపిస్తారో అది కూడా రాయండి.

మెరకచేను:
ప్లాంటు వద్దనట్లేదు చెల్లెమ్మా, ఊరంతా దాని మీదే పెట్టొద్దంటున్నా. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడ చెరువుల దగ్గర ఎంత టెన్షన్ పడ్డారో చూశాం కదా. కంపెనీకి ఐదెకరాలు లీజుకిద్దాం. 30 ఎకరాలూ దేనికో వాళ్ళనే అడగండి.

ఆ స్థలంలో విలువైనవి తుప్పు మిషన్లు కావు, మెరక. మునగని నేల, కాంక్రీటు యార్డు, లారీ కాటా, గోదాములు, తారు రోడ్డు, ఇవన్నీ ఒకేచోట డెల్టాలో ఎక్కడ దొరుకుతాయి? ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. ఆరబెట్టడానికి రోడ్డు తప్ప గతి లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది, 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. తడిసిన బస్తాకు ఎవరు చెప్పిందే రేటో అందరికీ తెలుసు. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. యార్డులో ఊకతో నడిచే డ్రయర్లు పెడితే ఆ ధర కాగితం మీద కాక చేతికొస్తుంది. గోదాముకు రిజిస్ట్రేషన్ తెచ్చుకుంటే అందులో దాచిన ధాన్యం రసీదు మీద బ్యాంకు అప్పు కూడా పుడుతుంది. అయితే దీనితో వందల మందికి పని దొరకదు.

కొబ్బరిపీచు:
అందుకే ఓ ముక్క మాకివ్వండి. పీచు తీయగా మిగిలిన పొట్టును ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, దిమ్మలు కొడితే విదేశాల్లో గ్రీన్‌హౌస్‌ల వాళ్ళు కొంటారు. ఎండబెట్టే దగ్గర ఆడవాళ్ళకు పని బాగా ఉంటుంది. అంబాజీపేట వెళ్ళి అడగండి.

మెరకచేను:
వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్ళేవి? కడిగిన ఎర్ర నీళ్ళు ఎక్కడికి పోతాయి?

కొబ్బరిపీచు:
మిల్లు చెరువు పూడిక తీస్తే వేసవి గడిచిపోతుంది. ఎర్ర నీళ్ళ సంగతంటారా, డ్రెయిన్లోకి వదిలేసేవాళ్ళే ఎక్కువ, అబద్ధమెందుకు. లీజు కాగితంలోనే షరతు రాయించండి.

రిటైర్డ్ కెమిస్ట్:
ముందు మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే మడ్డి) గుంట దగ్గర మట్టి, బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. కప్పు రేకులు ఆస్బెస్టాస్‌వి. కూలీల చేత సుత్తులతో కొట్టించొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆఫీసుల చుట్టూ:
అందరూ స్థలం మీ జేబులో ఉన్నట్టే మాట్లాడుతున్నారు. లిక్విడేటర్ పని ఊరిని బాగుచేయడం కాదండీ, ఆస్తులమ్మి అప్పులు తీర్చడం. లీజు అద్దెతో బ్యాంకు బాకీ, జీతాలు ఎన్నేళ్ళలో తీరతాయో లెక్క చూపించకపోతే మీ ఫైలు కదలదు.

పాత పాన్‌మ్యాన్:
ఆ లెక్కలో మా జీతాలు పై వరసలో రాయండి. లీజుకైనా సంతకం పెడతాం. కింద రాస్తే మాత్రం అమ్మకానికే మా ఓటు.

భీమవరం కుర్రోడు:
కంపెనీ ఐదెకరాలకు ఒప్పుకోకపోతే?

మెరకచేను:
లీజుకొచ్చే ఇంకో కంపెనీని వెతకాలి, రొయ్యలు మన దగ్గరున్నాయి కదా. బాబాయ్ గారూ, జీతాలు పై వరసలోనే రాస్తాను. బకాయి ఉన్నవాళ్ళ జాబితా మీరు పంపండి. పాత షేరు సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళు జిరాక్సులు తీసి ఉంచండి, లిక్విడేటర్ దగ్గరకు వాటితోనే వెళ్ళాలి.